ఇంజను దాహము తీర్చిన మేడ

భద్రాద్రి యాత్రను గూర్చి వ్రాయువారు గోదావరిని వర్ణింతురు, గోపురమును వర్ణింతురు, పర్ణశాలను వర్ణింతురు. త్రోవను మాత్రము ఒక్క వాక్యముతో దాటింతురు. మేమును ఇదివరలో రెండుమారులు అట్లే దాటితిమి. ఈ ఫాల్గుణమాసమున మూడవమారు పోయినప్పుడు మా యాత్రలో ఒక పూట రైలు ప్రక్కనున్న ఒక పాత నీళ్ల ట్యాంకు నీడలో గడచినది. ఆ పూటను గూర్చియే ఈ వ్యాసము.

దీనికి కారణము మా యత్తగారు. ఆమెకు డెబ్బది దాటినవి. ఆమె తండ్రి దోర్నకల్ నుండి భద్రాచలం రోడ్డు స్టేషనునకు పోవు రైలుశాఖలో ఒక చిన్న స్టేషనున పంపు నడుపు పనివారు. ఆమె పుట్టినదియు, పెరిగినదియు, ఓనమాలు దిద్దినదియు ఆ స్టేషను ప్రక్కనున్న రెండుగదుల క్వార్టరులోనే. పెండ్లియై వచ్చిన పిమ్మట ఆమె మరల అచ్చటికి పోలేదు. మొన్న సంక్రాంతికి వచ్చిన ఆమె తమ్ముడు మాటలమధ్యను, "అక్కా, మన టాంకిని తీసేస్తరంట" అనెను. ఆమె ఏమియు బదులు చెప్పలేదు. బియ్యము చెరుగుచున్న చేట మాత్రము కొంతసేపు ఆగినది. నెల గడచిన తరువాత కొడుకుతో, "రాములవారిని చూడాలని ఉంది నాయనా. పోయేదారిలో ఒక చోట దిగుదాం" అని అడిగెను.

ఆ స్టేషను పేరు ఇచ్చట చెప్పము. ఎవరినో తప్పుపట్టుటకు మేము వ్రాయుట లేదు గనుక పేరు లేకున్నను లోటు లేదు.

ఖమ్మము నుండి తెల్లవారుబండిలో దోర్నకల్ చేరి, అచ్చట బండి మారితిమి. దోర్నకల్ అనగానే చాలమందికి జంక్షనే తోచును గాని, ఆ యూర బిషప్ అజరయ్యగారు కట్టించిన పెద్ద చర్చి ఒకటి కలదు. అది 1939లో ప్రతిష్ఠింపబడినది. మన గుడుల స్తంభములును మసీదుల గుమ్మటములును దానియందు కలసియుండును. కట్టడములను గూర్చిన వ్యాసము గనుక దానిని తలచితిమి. బండికి వేళయగుటచే చూచుటకు వీలుపడలేదు.

ఈ రైలుశాఖ పుట్టుక బొగ్గువలన. 1871లో భూగర్భశాస్త్రజ్ఞుడగు విలియం కింగ్ ఇల్లందు ప్రాంతమున బొగ్గు కలదని కనుగొనెను. అప్పటికి నిజాము రాజధానికి రైలే లేదు. వాడి నుండి సికిందరాబాదు వరకు త్రోవ 1874లో గాని తెరవబడలేదు. తరువాత పట్టాలు తూర్పునకు సాగి 1886లో వరంగల్లును, 1888లో దోర్నకల్లును, అచ్చటినుండి ఇల్లందు గనులను, 1889లో బెజవాడను ముట్టినవి. గనులు ఇల్లందులో నున్నను పేరు దగ్గరనున్న సింగరేణి గ్రామమునకు దక్కినది. 1920లో కంపెనీయే సింగరేణి పేరు ధరించెను. తరువాతి కాలమున కారేపల్లినుండి ఒక కొమ్మ కొత్తగూడెము దాకను సాగినది. కొత్తగూడెపు స్టేషనునకే భద్రాచలం రోడ్డని పేరు. భద్రాచలమో, అచ్చటికి సుమారు 40 కిలోమీటర్ల దూరమున, గోదావరికి ఆవలియొడ్డున నున్నది. నిజాము కాలమున రైలు ఒక రాజ్యములోను, దేవుడు ఇంకొక రాజ్యములోను ఉండిరి. 1959 వరకు భద్రాచలము తూర్పుగోదావరి జిల్లాలోనిదే. అయినను స్టేషనుకు దేవునిపేరే పెట్టి యాత్రికులను పిలిచిరి. నడిపినది బొగ్గుబండియే గాని, పిలుపు మాత్రము రామునిపేర!

ఇక బొగ్గు మాట. ఈ సీమలో ఎవరినడిగినను బొగ్గుకథ చెప్పుదురు. గనులను గూర్చి పుస్తకములు కలవు, పాటలు కలవు. నీటికథ చెప్పువారు మాత్రము మాకు కనబడలేదు. ఆవిరియంత్రము బొగ్గును తినును, నీటిని త్రాగును. తిన్నదానికంటె త్రాగునదియే యెక్కువ. ఒక పాలు బొగ్గు కాల్చినయెడల ఆరేడు పాళ్ల నీరు ఆవిరియై పోవును. అనగా, గనినుండి బొగ్గు మోసికొనివచ్చిన ఇంజను త్రోవలో తాను కాల్చిన ప్రతి బుట్ట బొగ్గుకును ఆరేడు బుట్టల బరువు నీరు ఎవరో ఒకరు తోడి పెట్టవలసివచ్చెను. బొగ్గు గనివద్దనే దొరకును. నీరు మాత్రము త్రోవ పొడుగునను దొరకవలెను. అందుచేతనే ఆకాలపు రైలుదారులలో కొన్ని కొన్ని ఆమడలకొక నీళ్ల ట్యాంకు లేచినది. వాగు దగ్గర స్టేషను పెట్టుట, స్టేషను దగ్గర ఊరు పెరుగుట చాలచోట్ల ఆ నీటిని బట్టియే జరిగినది.

బండి కారేపల్లి వైపు సాగుచుండగా అడవి మొదలైనది. మోదుగులు ఆకులు రాల్చి నిలువెల్ల పూచియుండెను. ఇప్పచెట్లు, టేకులు, తునికి పొదలు, నడుమనడుమ ఎఱ్ఱమట్టి చేలు. అత్తగారు కిటికీవద్ద కూర్చుండి ఒక్కమాటయు ఆడలేదు. మేము దిగవలసిన స్టేషను వచ్చుటకు కొంచెము ముందుగానే ఆమె లేచి నిలుచుండెను. ఏ గుర్తును బట్టి తెలిసికొనెనో!

స్టేషను చిన్నది. దిగినవారము మేము నలుగురమే: అత్తగారు, మావారు, మేము, మా చిన్నవాడు. ప్లాట్‌ఫారము చివర చింతచెట్టు, దాని వెనుక ట్యాంకు. దగ్గరకు పోయినపిమ్మట అత్తగారు చేతితో గోడను తడవి, "ఇదేనమ్మా, మా నాయన టాంకి" అనెను.

చదువరులలో చాలమంది రైలులో పోవుచు ఇట్టివానిని చూచియేయుందురు గాని, దిగి చూచినవారు తక్కువమంది. అందుచేత కొంచెము వివరముగా చెప్పుదుము. క్రిందిభాగము నల్లరాతి కట్టడము, చతురస్రము. రాళ్లు మోటుగా చెక్కినవి గాని అంచులు మాత్రము సూటిగా తీర్చినవి. నాలుగువైపులను ఒక్కొక్క పెద్ద కమాను. కమానుకు మాత్రము ఇటుక వాడిరి. రాతిగోడలో ఎఱ్ఱని ఇటుక వంపు ముక్కుపుడకవలె కనబడును. ఇటుకలమధ్యను డంగుసున్నము. చిటికెనవ్రేలితో గీచినను రాలలేదు. లోపల నేల బండపరుపు. ఒకప్పుడు పనిముట్లు అచ్చటనే ఉండెడివట. గోడపైన అడ్డముగా ఇనుపదూలములు, వానిపైన ఇనుపపలకలను బోల్టులతో బిగించిన పెట్టెవంటి ట్యాంకు. ఒక్కొక్క పలక నాలుగడుగుల చదరము. మధ్యను పలకను లోనికి ఉబ్బునట్లు అచ్చు వత్తియుందురు. చదునురేకు వంగినంత సులభముగా అచ్చువత్తిన రేకు వంగదు. మన ఇండ్లలో అప్పడపు పీటకంటె గంటులు పెట్టిన సత్తుపళ్లెము గట్టిగా నుండుట యెఱుగుదుము గదా.

మావారు బడిపంతులు. దేనిని జూచినను కొలువక మానరు. గొడుగును నేలపై నిలువబెట్టి, దాని నీడను, ట్యాంకు నీడను జానలతో కొలిచి, గొడుగు మూడడుగులైనచో నీడ రెండడుగులు, కావున పదునెనిమిదిన్నర అడుగుల నీడగల ఈ కట్టడము ఎత్తు సుమారు 28 అడుగులని తేల్చిరి. మా చిన్నవాడు పలకలు లెక్కపెట్టెను: ప్రక్కకు నాలుగు, ఎత్తునకు రెండు. అనగా ట్యాంకు 16 అడుగుల పొడవు, 16 అడుగుల వెడల్పు, 8 అడుగుల లోతు. టికెట్టు వెనుక గుణించి చూడగా 12,700 గ్యాలన్లకు పైగా పట్టునని వచ్చినది. గ్యాలను నీరు పది పౌనులు తూగును గనుక నిండుట్యాంకు నీటిబరువే సుమారు 58 టన్నులు. అంతబరువును ఆ నాలుగు కమానులు ఎన్నియేండ్లు మోసినవో! కమాను గుట్టు తెలిసిన తాపీవారి పని అది. బరువు నడుమ పడకుండ ప్రక్కలకు జారి, మూలలలోని మందపుగోడలలోనికి దిగిపోవును. గోడ నిండుగా కట్టియుండినయెడల రాయి ఎక్కువ పట్టెడిది, లోపల గాలివెలుతురులు లేకపోయెడివి, బలము మాత్రము అంతగా పెరిగెడిది కాదు.

పెద్ద ఇంజను వెనుకనుండు టెండరులో సుమారు అయిదువేల గ్యాలన్ల నీరు పట్టును. కనుక ఈ ట్యాంకు ఒకసారి నిండినచో రెండున్నర ఇంజన్ల దాహమునకు సరి. ఇంత తక్కువయా యని మాకు మొదట ఆశ్చర్యమైనది. అప్పుడు అత్తగారు, "మా నాయన పగలూ రాత్రీ తోడుతూనే ఉండేవాడు. బండి మాత్రం రోజుకి నాలుగైదు సార్లు వచ్చి ఒక్క గుక్కలో తాగిపోయేది" అని చెప్పెను. అందులోనే మొత్తము యుక్తి యున్నది. పంపు చిన్నది, మెల్లగా తోడును. ఇంజనుకు నిలుచుటకు తీరిక లేదు. కొన్ని నిమిషములలో నిండవలెను. ప్రతిదినము పిడికెడు బియ్యము వేరుగా తీసిపెట్టి పండుగనాడు ఒక్కసారిగా వండునట్లు, చిన్నపంపు గంటలకొలది దాచినదానిని ట్యాంకు నిమిషములలో ఇచ్చును. ఇచ్చుటకు మోటారు అక్కరలేదు, ఎత్తు చాలును. నీరు పైనుండుటయే దాని బలము. ట్యాంకునుండి దిగిన లావుపాటి గొట్టము నేలలోపలినుండి ప్లాట్‌ఫారము కొనకు పోయి, అచ్చట వాటరుకాలమ్ అని రైలువారు పిలుచు ఇనుపస్తంభముగా లేచును. దాని చేయిని ఇంజనుపైకి త్రిప్పి, కొననున్న తోలుసంచిని టెండరులోనికి వదలి, చక్రము త్రిప్పినంతనే నీరు దుముకును. ఇక్కడి స్తంభమునకు ఇప్పుడు చేయి లేదు. మొండెము మాత్రము నిలిచియున్నది.

ట్యాంకు ప్రక్కగోడమీద నిలువుగా అంకెలు వ్రాసిన పలకయొకటి, దానిమీద జారు ఇనుపముల్లుయొకటి ఉండెను. అంకెలు తుప్పుక్రింద నాలుగైదు మాత్రమే తెలియుచున్నవి. దీనిని మేము గమనింపలేదు, అత్తగారే చూపిరి. లోపల నీటిమీద తేలు బుంగకు గొలుసు కట్టి, గొలుసును కప్పీమీదుగా బయటికి తెచ్చి, రెండవకొనకు ఈ ముల్లును వ్రేలాడదీయుదురు. నీరు పైకి లేచినకొలది బుంగ లేచును, ముల్లు దిగును. కావున ముల్లు అడుగున నున్నచో ట్యాంకు నిండినట్లు! తెలియనివాడు చూచినచో తలక్రిందుగా గ్రహించును. చిన్నతనమున ఆమె పని, గుమ్మములో నిలిచి ముల్లు ఎచ్చటనున్నదో తల్లితో చెప్పుట. ముల్లు అడుగుకు వచ్చినదనగానే తల్లి పొయ్యిపై కూర వేడిపెట్టెడిది. మరి పావుగంటలో తండ్రి పంపు ఆపి భోజనమునకు వచ్చును. ఆ ఇంట గడియారము లేదు. అదియే గడియారము.

స్తంభమునుండి కారిన నీరు పోవుటకు చిన్నకాలువ యుండెను. ఆ కాలువగట్టున ఆమె తల్లి గోంగూరయు వంగయు వేసినదట. ఇప్పుడు ఆ కాలువలో తంగేడు మొలిచినది.

నీటిమంచి చెడ్డలను గూర్చి కూడ ఒకమాట. కాగులో దినమును నీరు కాచు మనము అడుగున పేరుకొను తెల్లని పెంకునెఱుగుదుము. చవుడునీటితో కందిపప్పు ఉడుకదనియు నెఱుగుదుము. ఇంజను కాగునకును అదే తెవులు. సున్నపుపెంకు పట్టినచో మంటవేడిమి నీటికి చేరదు. బొగ్గు వృథా, ఇనుము మాత్రము కాగి చెడును. అందుచేత ఏ బావినీరు మంచిదో పరీక్షించియే పంపు పెట్టువారు. నీరు గట్టిదైనచోట సోడాయు సున్నమును కలిపి తేర్చువారు. ఇంజను కాగును కొన్నాళ్లకొకమారు ఖాళీచేసి కడుగువారు. ఈ స్టేషను బావినీరు మెత్తనిదట. వాగుప్రక్కన ఇసుకలో తవ్వినది. అందుకే మైళ్లదూరపు బండ్లును ఇచ్చటనే త్రాగుచుండెడివని అత్తగారు గర్వముగా చెప్పిరి. ఆ గర్వమును మేమెందుకు కాదనవలెను?

ఇక ఆమె చెప్పిన వేసవి సంగతి. ఆమెకు తొమ్మిదో పదో యేండ్లు. ఆ యేడు వాగు ఎండినది. ఊరిబావులు ఎండినవి. రైలుబావిలో మాత్రము అడుగున ఊట మిగిలినది. ఆ నీరు ఇంజనుకే యని ఆజ్ఞ. తప్పనుటకు వీలులేదు, బండి నిలిచినచో బొగ్గు నిలుచును. కాని గూడెములనుండి కోయస్త్రీలును, ఊరిలోని స్త్రీలును కుండలతో వచ్చి కంచెవద్ద నిలుచుండెడివారట, అడుగక, అరువక, ఊరక. ట్యాంకు అడుగున మడ్డి కడిగివేయుటకు ఒక తూము ఉండును. దానిని అప్పుడప్పుడు విప్పి బురదను వదలుట పంపువాని విధులలో నొకటి. ఆ వేసవి ఆమె తండ్రి రాత్రులందు ట్యాంకు కడుగుట మొదలిడెను. రాత్రి తొమ్మిదిగంటల బండి పోయిన పిమ్మట తూము విప్పును. మనిషికి రెండు కుండలు. లాంతరు పట్టుకొని నిలుచుట ఈమె పని. ఒక్కతెయు రెండింటికంటె అడుగలేదనియు, తోపులాడలేదనియు ఆమె చెప్పెను. ఇరువది దినములు జరిగినది. తరువాత పైవారికి తెలిసి ఆయనకు నాలుగుదినముల జీతము కోసిరి. "కోసిన్రు. మా నాయన ఇంటికొచ్చి నవ్విండు" అని మాత్రమే ఆమె అనెను. ఆ మాటలప్పుడు ఆమెకు చిన్ననాటి పలుకుబడి వచ్చినది. ఆమె తూము ఎచ్చటనున్నదో వెదకి కనుగొనెను. వాయువ్యమూలను, రావిమొక్క వేరు చుట్టుకొని, కదలకుండ.

ఆ లెక్కను కూడ మావారు వేసిరి. రాత్రికి నలువదిమంది వచ్చినారనుకొన్నను, ఎనుబది కుండలు; కుండకు మూడు గ్యాలన్లు. మొత్తము 240 గ్యాలన్లు. నిండుట్యాంకులో యాభైయవ వంతు కూడ లేదు.

మీరు పట్టణములలో చూచు కొత్త నీళ్లట్యాంకులు ఇట్లు చతురస్రముగా నుండవు, గుండ్రముగా నుండును. కారణము కుమ్మరి యెఱుగును. మూలలుగల పాత్రలో నీరు ప్రక్కలను బయటికి త్రోయుచు మూలలను విప్పజూచును. ఇచ్చట క్రిందివరుస పలక ఒక్కొక్కదానిమీద నీటిత్రోపు సుమారు 2,700 కిలోగ్రాములు, పైవరుసదానిమీద అందులో మూడవవంతు. అందుకే లోపల అడ్డముగా ఇనుపకడ్డీలు బిగించి ఎదురెదురు గోడలను ఒకదానితో నొకటి కట్టివేయుదురు. గుండ్రని కడవకు ఆ కడ్డీలు అక్కరలేదు. త్రోపు చుట్టంతయు సమముగా పంచుకొనును. 1880 దశకమున జర్మనీదేశస్థుడగు ఒట్టో ఇంట్జె అను ఇంజనీరు ఇంకొక మెట్టు పైకెక్కెను. ట్యాంకు అడుగును నడుమ లోనికి గుమ్మటముగా లేపి, చుట్టును బయటికి వాలుగా విప్పెను. లోపలి గుమ్మటము బయటికి త్రోయును, వాలుభాగము లోపలికి త్రోయును. రెండును క్రింద వలయముమీద ఒండొంటిని సరిచేసికొనును. మనము బిందెను చుట్టకుదురుపై నిలుపుట దీనికి దూరపుచుట్టము. మన ఊళ్లలోని కాంక్రీటు ట్యాంకులు చాలవఱకు ఈ పద్ధతివే. అట్లని పెద్ద చతురస్రపు ట్యాంకులు లేకపోలేదు. కలకత్తాలోని టాలాట్యాంకు 1911లో మొదలై, తొంబదిలక్షల గ్యాలన్ల నీటితో, 110 అడుగుల ఎత్తున, నేటికిని నగరమునకు నీరిచ్చుచున్నది. దానిప్రక్కన మా ట్యాంకు చెంబువంటిది.

మేమిట్లు చూచుచుండగా పట్టాలపని చూచు పడుచువాడొకడు వచ్చి, "అమ్మా, దానికింద నిలబడొద్దండీ. పైన పలకలు వదులయినయి. పోయినేడు ఒక పిల్లగాడు నిచ్చెనెక్కి కాలు విరగ్గొట్టుకున్నడు" అని మమ్ము ఇవతలికి పిలిచెను. మర్యాదగలవాడు. అత్తగారి కథ విని, "మా తాత కూడా బొగ్గుబండి మీదే పనిచేసిండు" అనెను. అయినను అతడు చెప్పినది నిజమే. పాతది యన్నంతనే పూజ్యమని మేము వాదింపము. పిల్లల తలలమీద వ్రేలాడు తుప్పుపలకను వారసత్వమని నిలుపుమనుట న్యాయము కాదు.

అయినచో నిలుపవలసినది ఏది? ఈ ప్రశ్నను మేము కొత్తగూడెమువరకు ఆలోచించితిమి. 1958నాటి చట్టముప్రకారము ప్రాచీనకట్టడమనుటకు నూరేండ్ల వయస్సు కావలెను. 2017లో తెలంగాణరాష్ట్రము తనకొక వారసత్వచట్టము చేసికొన్నది. కాని ఈ చట్టముల చూపు మొదట పడునది గుడులమీద, కోటలమీద. రైలుకట్టడములకును గౌరవము లేకపోలేదు: డార్జిలింగు కొండరైలు 1999లోను, నీలగిరి రైలు 2005లోను, సిమ్లారైలు 2008లోను ప్రపంచవారసత్వములైనవి. అచ్చట మెచ్చవలసిన సంగతి యేమనగా, ఒక ఇంజనునో, ఒక వంతెననో గాక త్రోవను మొత్తముగా గౌరవించిరి. బావిలేని ట్యాంకు, ట్యాంకులేని స్తంభము, రోలులేని రోకలివంటివి. మా స్టేషనులో అదృష్టవశమున నాలుగును ఇంకను ఒక్కచోటనే యున్నవి: వాగుప్రక్క బావి, పైకప్పు పోయిన పంపుగది, ట్యాంకు, స్తంభపు మొండెము. పదినిమిషముల నడకలో పదేండ్ల పిల్లవానికి నీటి ప్రయాణమంతయు చూపవచ్చును. మా చిన్నవానికి చూపితిమి. వాడు ఆవిరియింజనును కన్నులార చూచినవాడు కాడు. 1972లో చిత్తరంజను కర్మాగారము ఆవిరియింజన్లు చేయుట మానినది. 1995 నాటికి బ్రాడ్‌గేజి త్రోవలమీద నిత్యము నడచు ఆవిరిబండ్లు దేశమున నిలిచిపోయినవి.

ఇదే త్రోవకు దగ్గరలో, గార్ల స్టేషనునకు సమీపమున, బయ్యారము చెరువు కలదు. కాకతి గణపతిదేవుని చెల్లెలగు మైలాంబ పదమూడవ శతాబ్దమున దానిని త్రవ్వించి గట్టున శాసనము వేయించెను. ఆ శాసనమువలననే కాకతీయుల వంశక్రమము పండితులకు చాలవఱకు తెలిసినది. ఎనిమిదివందల యేండ్లకు నేటికిని ఆ నీటిని తలచుకొన్నప్పుడు ఒక స్త్రీపేరు పలుకుచున్నాము. ఈ ట్యాంకుపై తేదీయైనను లేదు. కట్టిన తాపీవారి పేరు లేదు, తోడినవారి పేరు లేదు, తూము విప్పినవారి పేరు మొదలే లేదు. రాణి కానివారి నీటికి శాసనము వేయువారుండరు గనుక రాళ్లే వారి శాసనము. వానిని కూడ తీసివేసినచో చదువుటకు ఏమియు మిగులదు.

సాయంకాలపుబండిలో భద్రాచలం రోడ్డు చేరి, మరునాడు బస్సులో పాల్వంచమీదుగా గోదావరి దాటితిమి. దర్శనము బాగుగా జరిగినది, జనము తక్కువ. అత్తగారు గోదావరిలో మునిగి మూడుదోసిళ్ల నీరు తండ్రిపేర విడిచిరి. దానిని గూర్చి ఇంతకంటె వ్రాయము.

ఇంటికి వచ్చి ఒక విన్నపము తయారుచేసితిమి. మావారు కొలతలతో పటము గీసిరి. అందు కోరినవి: తుప్పుపట్టిన ట్యాంకును తీయక తప్పనిచో తీయుడు గాని, క్రిందిరాతికట్టడమును, కమానులను ఉంచుడు, నిచ్చెనను కోసివేయుడు, పలకలలో మంచిదొకటి, ముల్లుపలకయు స్టేషనులో భద్రపఱచుడు, తీయుటకుముందు నాలుగువైపుల ఛాయాపటములు తీయించుడు, బావికి కంచె వేయించుడు. చదివి వినిపించగా అత్తగారు, "అంతా బాగుంది. తూము సంగతి రాయలేదేమమ్మా?" అనిరి. వాయువ్యమూలనున్న తూమును కదల్పక అచ్చటనే యుంచవలెనని ఆరవకోరికగా చేర్చితిమి. ఎందుకో వ్రాయవలెనా యని మావారు అడిగిరి. వద్దనిరి అత్తగారు. తరువాత ఏమి తోచెనో, "రాయి. నాలుగురోజుల జీతం సంగతి వద్దు. నీళ్ల సంగతి రాయి" అనిరి. అట్లే వ్రాసితిమి. మొదటి సంతకము ఆమెదే.

రిజిస్టరుటపాలో పంపి ఆరువారములైనది. ప్రత్యుత్తరము ఇంకను రాలేదు. టపాబంట్రోతు వీధిమలుపు తిరుగువేళకు అత్తగారు అరుగుమీదికి వచ్చి కూర్చుండుచున్నారు.